ట్రైలర్ మీద సోలార్ కరెంటు: ఆరుబయట కార్యక్రమాలకు ఎంతవరకు సరిపోతుంది?

క్లుప్తంగా: సోలార్ ట్రైలర్ అంటే ముందుగా చక్రాల మీదున్న బ్యాటరీ, ఆ తర్వాతే సోలార్. సాయంత్రం కార్యక్రమాన్ని నడిపేది పొద్దున్నే నిండి ఉన్న బ్యాటరీ, ప్యానెళ్లు దాన్ని నెమ్మదిగా మళ్లీ నింపుతాయి. ట్రైలర్ మీద పట్టే ప్యానెళ్లకు ఒక హద్దు ఉంది కాబట్టి గెలుపోటములు ఎక్కువగా లోడ్ లెక్క మీద, ఏ ప్లగ్గులో ఏం పెడుతున్నారన్న క్రమశిక్షణ మీద ఆధారపడతాయి. ఎర్తింగ్, గాలి, నీడ అనే మూడు విషయాలను తేలిగ్గా తీసుకుంటే ఎంత మంచి పరికరాలు కొన్నా లాభం ఉండదు.

ఇప్పుడెందుకు ఈ చర్చ

బహిరంగ సభ, సంగీత కచేరీ, ఆరుబయట సినిమా ప్రదర్శన, ఏదైనా సరే, కరెంటు లేని మైదానంలో జరిగితే ఇన్నాళ్లూ ఒకటే సమాధానం: డీజిల్ జనరేటర్. ఈ అలవాటు మెల్లగా మారుతోంది. బ్రిటిష్ బృందం కోల్డ్‌ప్లే 2022లో మొదలుపెట్టిన ప్రపంచ పర్యటనలో బీఎండబ్ల్యూ ఐ3 కార్ల బ్యాటరీలతో తయారైన, ఊరూరా తీసుకెళ్లగల బ్యాటరీ వ్యవస్థను వాడింది. 2024 ఆగస్టులో మాసివ్ అటాక్ బృందం బ్రిస్టల్‌లో ఒక పెద్ద బహిరంగ ప్రదర్శనను బ్యాటరీల మీదే నడిపింది. ఇలాంటి వార్తలు చూసి చిన్న నిర్వాహకులు కూడా ట్రైలర్ మీద నాలుగు ప్యానెళ్లు బిగిస్తే పని అయిపోతుందనుకుంటున్నారు. గందరగోళం అక్కడే మొదలవుతుంది, ఎందుకంటే ఆ రెండు ఉదాహరణల్లోనూ అసలు భారం మోసింది బ్యాటరీ.

డీజిల్‌తో పోలిక కూడా నిజాయితీగా చేసుకోవాలి. చిన్న జనరేటర్ మంచి లోడ్ మీద లీటరు డీజిల్‌కు సుమారు 3 యూనిట్లు ఇస్తుంది. అంటే రెండు వందల కిలోల లిథియం బ్యాటరీలో పట్టే కరెంటు ఆరు లీటర్ల డబ్బాలో పట్టేస్తుంది. మరి జనరేటర్ మీద ఫిర్యాదు దేనికి? చప్పుడు, పొగ ఎలాగూ ఉన్నాయి. వాటికి మించి, కార్యక్రమాల్లో జనరేటర్ దాదాపు ఎప్పుడూ అవసరానికి మించిన సైజులో వస్తుంది. ఏదో ఒక నిమిషంలో పీక్ లోడ్ వస్తుందేమోనన్న భయంతో పెద్దది తెప్పిస్తారు, మిగతా సమయమంతా అది తన సామర్థ్యంలో పదో ఇరవయ్యో శాతం మీద నడుస్తుంది. 30 శాతం కంటే తక్కువ లోడ్ మీద గంటల తరబడి నడిచే డీజిల్ ఇంజన్ సరిగ్గా వేడెక్కదు, ఇంధనం పూర్తిగా మండదు, ఎగ్జాస్ట్‌లో మసి, నూనె పేరుకుపోతాయి. బ్యాటరీకి ఈ సమస్య లేదు. 100 వాట్లు అడిగితే 100 వాట్లే ఇస్తుంది, 4 కిలోవాట్లు అడిగితే అవీ ఇస్తుంది.

వాట్లు కాదు, యూనిట్లు

ఎక్కువమంది అడిగే ప్రశ్న "ఎన్ని కిలోవాట్ల సోలార్ కావాలి?" అని. అడగాల్సింది "రోజుకు ఎన్ని యూనిట్లు ఖర్చవుతాయి, అవి ఏ వేళలో ఖర్చవుతాయి?" అని. ట్యాంకుకు సన్నటి గొట్టంతో నీళ్లు పడుతూ పెద్ద కుళాయితో వాడుకోవడం లాంటి వ్యవహారమిది: గొట్టం పగలే పారుతుంది, కుళాయి రాత్రి తిరుగుతుంది.

ఒక మధ్యస్థ ట్రైలర్‌ను తీసుకుందాం. 400 వాట్ల ప్యానెళ్లు 9, అంటే 3.6 కిలోవాట్లు. ఒక్కో ప్యానెల్ సుమారు 1.7 మీటర్ల పొడవు, 1.1 మీటర్ల వెడల్పు, 22 కిలోల బరువు. మూడు పైకప్పు మీద, మిగతా ఆరు రెండు పక్కలా రెక్కల్లా తెరుచుకునేలా పెట్టొచ్చు. మొత్తం సుమారు 17 చదరపు మీటర్లు. రోడ్డు మీద లాగాల్సిన మామూలు ట్రైలర్‌కు ఇంతకంటే పెద్దగా పెరగదు, ఇది డిజైన్‌లో మొదటి గోడ. మంచి ఎండ ఉన్న రోజున 5 గంటల పూర్తి ఎండకు సమానమైన వెలుగు పడిందనుకుందాం. వేడి, దుమ్ము, ప్యానెళ్లు సరైన వాలులో లేకపోవడం, కన్వర్షన్ నష్టాలు అన్నీ పోగా 70 శాతం చేతికొస్తే 12.6 యూనిట్లు. 70 శాతం మరీ తక్కువ అనిపించొచ్చు గానీ, ప్యానెల్ మీద రాసి ఉండే 400 వాట్లు సెల్ ఉష్ణోగ్రత 25 డిగ్రీలున్నప్పటి లెక్క. మండుటెండలో సెల్ 60 డిగ్రీలు దాటుతుంది, డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం చొప్పున పవర్ తగ్గుతూ పోతుంది.

బ్యాటరీ వైపు 51.2 వోల్టులు, 100 ఆంపియర్-అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ ప్యాకులు 4, ఒక్కోటి 5.12 యూనిట్లు. అడుగున కాస్త వదిలేసి, ఇన్వర్టర్ నష్టం కూడా తీసేస్తే ప్లగ్గు దగ్గర దొరికేది 17 యూనిట్లు.

ఇప్పుడు ఖర్చు. 6 కిలోవాట్ల రేటింగ్ ఉన్న సౌండ్ సిస్టమ్ సగటున 1.1 కిలోవాట్లు లాగుతూ 6 గంటలు నడిస్తే 6.6 యూనిట్లు. ఎల్‌ఈడీ స్టేజ్ లైట్లు సగటున 1.2 కిలోవాట్లతో 4 గంటలకు 4.8. మిక్సర్, వైర్‌లెస్ మైకులు, ల్యాప్‌టాప్‌లు, వాటి పక్కనుండే చిన్నాచితకా సామగ్రికి 2.4. వాయిద్యాల ఆంప్లిఫయర్లకు 2. దారి దీపాలు, ఫోన్ ఛార్జింగ్‌కు 1.2. చివరికి ఎవరూ లెక్కలో వేయని పద్దు ఒకటుంది: ఇన్వర్టర్ ఏ పనీ లేకపోయినా ఊరికే ఆన్‌లో ఉంటే తినే 60 వాట్లు, 24 గంటలకు 1.4 యూనిట్లు. మొత్తం 18.4. ఇందులో పగలు ఖర్చయ్యేది 5, సాయంత్రం నుంచి 13.4 అనుకుందాం.

కాగితం మీద చూస్తే బ్యాటరీ 17, ఎండ 12.6, కలిపి దాదాపు 30. ఖర్చు 18. బోలెడు మిగులు ఉన్నట్టే ఉంది. కానీ మొదటి రోజు పొద్దున బ్యాటరీ నిండుగా ఉంటుంది కాబట్టి పగటి ఖర్చు 5 పోగా మిగిలిన 7.6 యూనిట్ల ఎండను దాచుకోవడానికి చోటే ఉండదు, ఛార్జ్ కంట్రోలర్ (ప్యానెళ్ల కరెంటును బ్యాటరీకి తగ్గట్టు అదుపు చేసే పరికరం) ప్యానెళ్లను తగ్గించేస్తుంది. రాత్రికి 13.4 పోతే బ్యాటరీలో 3.6 మిగులుతుంది. రెండో రోజు ఎండ బ్రహ్మాండంగా ఉన్నా 7.6 చేరి 11.2 అవుతుంది, కావాల్సింది 13.4. రెండో రాత్రి చివరి అరగంటో గంటో చీకటి తప్పదు. ఒక్క మబ్బు కూడా రాకుండానే ఈ పరిస్థితి!

ఇదే లెక్కలో లైట్ల సగటును 1.2 నుంచి 0.7 కిలోవాట్లకు తగ్గించి, అర్ధరాత్రి తర్వాత పది గంటలు ఇన్వర్టర్‌ను ఆపేస్తే రాత్రి ఖర్చు 10.8కి దిగుతుంది. అప్పుడు మొదటి రాత్రి ముగిసేసరికి 6.2 మిగులుతుంది, రెండో రాత్రి ముగిసేసరికి 3. కొత్తగా ఒక్క ప్యానెల్ కూడా కొనలేదు. లోడ్ తగ్గించడమే అన్నిటికంటే చవకైన విద్యుత్ ఉత్పత్తి అని ఈ రంగంలో పనిచేసేవాళ్లు అనేది ఇందుకే.

సౌండ్ సిస్టమ్ అసలు స్వభావం

ఆంప్లిఫయర్ మీద 6,000 వాట్లని రాసి ఉంటే అది గంటల తరబడి 6,000 వాట్లు లాగదు. సంగీతంలో దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీ ఉంటుంది, పీక్‌కూ సగటుకూ మధ్య తేడా చాలా ఎక్కువ. అందుకే ఆంప్లిఫయర్ తయారీదారులు కరెంటు వాడకాన్ని సాధారణంగా పూర్తి పవర్‌లో ఎనిమిదో వంతు దగ్గర కొలిచి ఇస్తారు. 6 కిలోవాట్లలో ఎనిమిదో వంతు 750 వాట్లు. క్లాస్-డి ఆంప్లిఫయర్ అయితే దానికి 1 కిలోవాట్‌కు అటూఇటూ లాగుతుంది, పాత క్లాస్-ఏబీ రకం అదే శబ్దానికి చాలా ఎక్కువ తిని తేడానంతా వేడిగా వదులుతుంది. సోలార్ ట్రైలర్ కట్టాలనుకునేవాళ్లు ప్యానెళ్ల బ్రాండ్ గురించి వాదించుకునే ముందు ఆంప్లిఫయర్ ఏ రకమో చూడటం మేలు.

సగటు తక్కువే గానీ పీక్ పీక్‌గానే ఉంటుంది. బేస్ దెబ్బ పడినప్పుడల్లా ఇన్వర్టర్ మీద భారం ఒక్కసారిగా ఎగుస్తుంది. ఫ్రిజ్, కంప్రెసర్, పంపు లాంటి మోటార్లు స్టార్ట్ అయ్యే క్షణంలో మామూలుగా లాగే దానికి ఐదారు రెట్లు లాగుతాయి. బరువైన ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఇన్వర్టర్లు ఇలాంటి ఎగుడును కొన్ని సెకన్లు తట్టుకుంటాయి. తేలికపాటి హై-ఫ్రీక్వెన్సీ రకాలకు ఓపిక తక్కువ. బరువున్న వాటికి ఖాళీగా తినే కరెంటు ఎక్కువ, అది కూడా గుర్తుంచుకోవాలి.

ఇక్కడ డిజైన్‌లో తీసుకోవాల్సిన పెద్ద నిర్ణయం ఒకటుంది. ఒకే పెద్ద ఇన్వర్టర్ పెట్టాలా, రెండు చిన్నవి పెట్టాలా? రెండే మంచిది. స్టేజ్ సౌండ్‌కు ఒకటి, మిగతా అన్నిటికీ ఇంకొకటి. ఎవరో 2 కిలోవాట్ల కెటిల్ తెచ్చి దొరికిన ప్లగ్గులో పెడతారు, ఇది ఏదో ఒక కార్యక్రమంలో జరిగి తీరుతుంది. ఇన్వర్టర్ ఒక్కటే అయితే ఆ కెటిల్ పాట మధ్యలో స్టేజ్ మొత్తాన్ని ఆపేస్తుంది. రెండుంటే కెటిల్ ఉన్నవైపే ఆగుతుంది. స్టేజ్ వైపు సాకెట్లు వేరే ఆకారంలో, మామూలు ప్లగ్గు దూరని రకంలో ఉంటే ఇంకా నిశ్చింత. హెయిర్ డ్రయ్యర్, ఇస్త్రీ పెట్టె, హీటర్ లాంటి వేడి చేసే ఏ పరికరానికీ ఈ ట్రైలర్ సరిపోదని ముందే రాతపూర్వకంగా చెప్పేయాలి.

ప్యానెళ్లను ఎలా కలపాలి

తొమ్మిది ప్యానెళ్లను మూడు మూడుగా సిరీస్‌లో (వోల్టేజీలు కూడేలా ఒకదాని వెనక ఒకటి) కలపడానికి కారణం ఉంది. 400 వాట్ల ప్యానెల్ పనిచేసే వోల్టేజి సుమారు 31, ఏ లోడూ లేనప్పటిది 37. రెండు కలిపితే 62 వోల్టులు వస్తాయి. బ్యాటరీని నింపడానికి 57 దాకా కావాలి. ఎండలో ప్యానెల్ వేడెక్కి వోల్టేజి జారిందంటే రెండింటి జత సరిగ్గా మధ్యాహ్నం పూట చేతులెత్తేస్తుంది. నాలుగు కలిపితే, లోడ్ లేనప్పుడు, 148. కంట్రోలర్ 150 వోల్టులదైతే సరిపోయినట్టే కనిపిస్తుంది గానీ, చలి పొద్దుల్లో వోల్టేజి పెరిగి 150 దాటేస్తుంది, కంట్రోలర్ కాలిపోతుంది. మూడు కలిపితే 111, రెండు వైపులా ఊపిరి తీసుకునే చోటుంటుంది.

మూడేసి ప్యానెళ్ల వరుసకు బలహీనత నీడ. స్తంభం నీడో చెట్టుకొమ్మ నీడో ఒక ప్యానెల్ మీద పడితే దానిలోని బైపాస్ డయోడ్లు ఆ భాగాన్ని దాటవేస్తాయి, మిగతా రెండు ప్యానెళ్ల 62 వోల్టులే మిగులుతాయి, మళ్లీ పై సమస్యే. అందుకే ఒక్కో వరుసకు విడి కంట్రోలర్ ఉండటం, ఒక వరుసలోని ప్యానెళ్లన్నీ ఒకే వాలులో ఉండటం ముఖ్యం. ఎడమ రెక్కదీ కుడి రెక్కదీ ఎప్పుడూ ఒకే వరుసలో కలపకూడదు.

మైదానంలో ట్రైలర్‌ను ఎక్కడ ఆపుతారన్నది ఇంకా ముఖ్యం. అలవాటు కొద్దీ జనరేటర్ నిలిపే చోటే, అంటే స్టేజ్ వెనకే నిలుపుతారు. ఆ స్టేజ్ ఎత్తుకు మధ్యాహ్నం నుంచి ట్రైలర్ మొత్తం నీడలో ఉండొచ్చు. దూరంగా ఎండలో నిలిపి కేబుల్ లాగడం నయం. 230 వోల్టుల దగ్గర 3 కిలోవాట్లను 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో 50 మీటర్లు పంపితే పోయేది నాలుగు శాతమే. నీడకు పోయేది అంతకు ఎన్నో రెట్లు. (48 వోల్టుల డీసీని అంత దూరం లాగాలని మాత్రం అనుకోకూడదు, అదే పవర్‌కు కరెంటు 60 ఆంపియర్లు దాటుతుంది.)

ఎర్తింగ్: కంటికి కనపడని ప్రమాదం

అన్నిటికంటే తక్కువ మాట్లాడుకునేది, అన్నిటికంటే ఎక్కువ ప్రాణాల మీదికి తెచ్చేది ఇదే. ఇంట్లో న్యూట్రల్‌కూ భూమికీ ఎక్కడో ఒకచోట సంబంధం ఉంటుంది, అందుకే లీకేజీ వచ్చినప్పుడు ఆర్‌సీసీబీ (లీకేజీని పట్టే రక్షణ స్విచ్) పసిగట్టి 30 మిల్లీ ఆంపియర్ల దగ్గరే కరెంటు కట్ చేస్తుంది. ట్రైలర్ రబ్బరు టైర్ల మీద నిలబడి ఉంటుంది, చాలా ఇన్వర్టర్ల అవుట్‌పుట్‌కు భూమితో ఏ సంబంధమూ ఉండదు. అలాంటి వ్యవస్థలో మొదటి ఫాల్ట్ (కరెంటు తీగ తాకకూడని లోహానికి తాకడం) చప్పుడు లేకుండా వచ్చి కూర్చుంటుంది, ఏదీ ట్రిప్ కాదు, ఎవరికీ తెలియదు. రెండో ఫాల్ట్ ఇంకో తీగ మీద వస్తే మధ్యలో చెయ్యి పెట్టిన మనిషికి షాక్. ఆర్‌సీసీబీ బిగించి ఉందన్న ధైర్యం అప్పుడు ఉత్తదే.

పరిష్కారం సూటిగానే ఉంది: ఇన్వర్టర్ దగ్గర న్యూట్రల్‌ను ఎర్త్‌తో, ట్రైలర్ ఛాసిస్‌తో ఒకే ఒక్కచోట కలపాలి, ఆ తర్వాతే ఆర్‌సీసీబీలు రావాలి, ఎర్త్ రాడ్ దిగ్గొట్టాలి. బయటి జనరేటర్ నుంచో గ్రిడ్ నుంచో కరెంటు తీసుకునేటప్పుడు ఈ కలయిక తనంతట తాను విడిపోయే రిలే ఉండాలి, లేకపోతే రెండుచోట్ల కలిసి ఆర్‌సీసీబీలు అకారణంగా ట్రిప్ అవుతుంటాయి, విసిగిపోయిన ఎవరో వాటిని తీసేస్తారు. నియమాలు దేశదేశానికీ మారతాయి కాబట్టి ఈ భాగం అర్హత ఉన్న ఎలక్ట్రీషియన్ చేతిలోనే పెట్టాలి. ఇంకో సంగతి, ఇన్వర్టర్ షార్ట్ సర్క్యూట్‌లో కూడా పరిమితంగానే కరెంటు ఇస్తుంది, అందువల్ల ఎంసీబీ (కరెంటు మితిమీరితే ఆపే బ్రేకర్) గ్రిడ్ మీద ట్రిప్ అయినంత వేగంగా ట్రిప్ కాకపోవచ్చు. ఆర్‌సీసీబీ మీద ఆధారపడటం ఇక్కడ మరీ ఎక్కువ.

బ్యాటరీ వైపు కథ దీనికి తలకిందులు. లిథియం బ్యాంకు షార్ట్ అయితే వేల ఆంపియర్లు ప్రవహిస్తాయి, మామూలు ఫ్యూజు తెగినా ఆర్క్ (ఖాళీని దాటి దూకే విద్యుత్ మంట) ఆగదు. అంత కరెంటును తెంచగల క్లాస్-టీ రకం ఫ్యూజు బ్యాటరీకి ఆనుకునే ఉండాలి.

సౌండ్ వాళ్లకు పనికొచ్చే చిన్న మాట కూడా ఇక్కడే: స్టేజ్‌కు ట్రైలర్ కరెంటు, మిక్సర్‌కు వేరే జనరేటర్ కరెంటు ఇస్తే రెండు ఎర్త్‌ల మధ్య తేడా స్పీకర్లలో హమ్‌గా వినిపించే అవకాశం ఎక్కువ. రెండింటికీ మూలం ఒకటే ఉండాలి.

బరువు, గాలి, కుదుపులు

లిథియం బదులు లెడ్ యాసిడ్ పెడితే సగం వరకే ఖాళీ చేయాలి కాబట్టి, అదే 17 యూనిట్ల కోసం సుమారు టన్ను బరువు మోయాలి. లిథియంలో అది 200 కిలోల చుట్టూ. ట్రైలర్ విషయంలో ఈ ఒక్క తేడా చాలు, మిగతా వాదనలు అక్కర్లేదు. బ్యాటరీలను నేలకు దగ్గరగా, ఇరుసుకు కాస్త ముందు పెట్టాలి. బరువు వెనక్కి పోతే లాగే బండి వెనక ట్రైలర్ పాములా ఊగుతుంది, వేగంలో అది ప్రాణాంతకం.

గాలిది ఇంకో లెక్క. గాలి వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. గంటకు 36 కిలోమీటర్ల గాలి ఎదురుగా తగిలితే మూడు ప్యానెళ్ల రెక్క మీద సుమారు 36 కిలోల బలం. 72 కిలోమీటర్లైతే దాదాపు 145 కిలోలు, మూడు వరుసలూ వాలుగా లేచి ఉంటే మొత్తం 400 కిలోలు దాటుతుంది. పక్కలకు చాచే కాళ్లు లేని ట్రైలర్ అప్పుడు పడిపోగలదు. గాలి ఏ స్థాయికి వస్తే రెక్కలు ముడవాలో, ఎవరు ముడవాలో ముందే నిర్ణయించి ఉండాలి. జనం మధ్య ఉండే నిర్మాణం కాబట్టి ఇందులో మొహమాటం పనికిరాదు.

రోడ్డు మీది కుదుపులకు నట్లు, లగ్‌లు (తీగల కొసన ఉండే లోహపు బిగింపులు) వదులవుతాయి. వదులైన డీసీ కనెక్షన్ వేడెక్కుతుంది, వేడెక్కితే ఇంకా వదులవుతుంది. ప్రతి ప్రయాణం తర్వాత టార్క్ రెంచితో ఓసారి సరిచూడటం రొటీన్ కావాలి. కప్పేయకపోతే పగటి పూట ప్యానెళ్ల తీగల్లో వోల్టేజి ఎప్పుడూ ఉంటుంది, స్విచ్ ఆపినంత మాత్రాన పోదు.

నడిపే రోజున

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ వోల్టేజి చూసి ఎంత మిగిలిందో చెప్పలేం. 80 శాతం దగ్గరా 30 శాతం దగ్గరా వోల్టేజి దాదాపు ఒకేలా ఉంటుంది, అడుగుకు వచ్చాక ఒక్కసారిగా కూలుతుంది. లోపలికీ బయటికీ పోయే కరెంటును లెక్కపెట్టే షంట్ మీటర్ తప్పనిసరి, దాన్ని చూసే మనిషి ఒకరు కూడా తప్పనిసరి. ఆ మనిషికి అధికారం ఉండాలి: బ్యాటరీ 40 శాతానికి వస్తే అలంకరణ లైట్లు ఆపడం, 20కి వస్తే సౌండ్, దారి దీపాలు తప్ప అన్నీ ఆపడం, ఎవరినీ బతిమాలకుండా. బయటికి దారి చూపే ఎమర్జెన్సీ దీపాలకు సొంత బ్యాటరీలు ఉండాలి, వాటిని ట్రైలర్ మీద ఆధారపడేలా పెట్టకూడదు.

ఇన్వర్టర్ పెట్టె లోపలి వేడి గురించి చాలామంది ఆలోచించరు. 4 కిలోవాట్లు ఇస్తున్న ఇన్వర్టర్ మూడు నాలుగు వందల వాట్ల వేడిని చిమ్ముతుంది. మూసిన లోహపు పెట్టెలో, ఎండలో, అది తన సామర్థ్యాన్ని తానే తగ్గించుకుంటుంది. గాలి లోపలికి వచ్చే దారి, బయటికి పోయే దారి రెండూ ఉండాలి, వాన మాత్రం రాకూడదు. చలి ప్రాంతాల్లో దీనికి వ్యతిరేక సమస్య: సున్నా డిగ్రీల కింద ఈ బ్యాటరీలను ఛార్జ్ చేస్తే పాడవుతాయి, హీటర్ ఉన్న ప్యాకులు కావాలి.

మబ్బు పట్టిన రోజు

పైన తగ్గించుకున్న లెక్కనే తీసుకుని, రెండో రోజు మబ్బు పట్టి ఎండ నాలుగో వంతే వచ్చిందనుకుందాం. 12.6కు బదులు 3 యూనిట్లు. పగటి ఖర్చు 5 కాబట్టి బ్యాటరీ నిండకపోగా ఇంకో 2 తగ్గి, సాయంత్రానికి 4కు కాస్త పైన ఉంటుంది. కావాల్సింది 10.8. ఇలాంటి రోజును ప్యానెళ్లు పెంచి గెలవలేం, ట్రైలర్ మీద చోటు లేదు. బ్యాటరీ పెంచొచ్చు గానీ బరువు పెరుగుతుంది.

అందుకే అనుభవమున్న నిర్వాహకులు 4 కిలోవాట్ల చిన్న జనరేటర్‌ను పక్కన ఉంచుకుంటారు, దాన్ని ఓటమిగా చూడరు. జనం రాకముందు మధ్యాహ్నం రెండున్నర గంటలు 3 కిలోవాట్ల ఛార్జర్ మీద నడిపితే 7.5 యూనిట్లు చేరతాయి, రాత్రి గడిచిపోతుంది. ఇంజన్ నడిచినంతసేపూ 75 శాతం లోడ్ మీద, అంటే తనకు అనువైన చోట నడుస్తుంది, డీజిల్ రెండున్నర మూడు లీటర్లతో సరిపోతుంది. అదే జనరేటర్ ఒంటరిగా స్టేజ్‌ను మోయాల్సి వస్తే పొద్దున్నుంచి అర్ధరాత్రి దాకా, పాటకూ పాటకూ మధ్య ఖాళీల్లో కూడా, ఆగకుండా తిరుగుతూనే ఉండేది.